లోహానికి వాటం నేర్పే పట్టు

మా ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే రెండు మాత్రల షీట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ అలర్జీతో తుమ్ములు ఆగనప్పుడు వేసుకునేవే. ఒకదాని మీద ‘సెట్రిజిన్ 10 మి.గ్రా.’ అని ఉంటుంది, రెండోదాని మీద ‘లెవోసెట్రిజిన్ 5 మి.గ్రా.’ అని ఉంటుంది. పేరుకి ముందు రెండక్షరాలు చేరాయి, మోతాదు సగానికి తగ్గింది. ఆ తగ్గిన సగం ఏమైనట్టు?

అది మొదటి నుంచీ పెద్దగా పనిచెయ్యని సగం. సెట్రిజిన్ మాత్రలో అణువులు రెండు రకాలు. ఒక రకాన్ని అద్దం ముందు పెడితే అద్దంలో రెండో రకం కనిపిస్తుంది. రెండిట్లోనూ పరమాణువులు అవే, వాటి లెక్క అదే, ఏది దేనికి అతుక్కుందో ఆ వరసా అదే. అయినా ఒకదాని మీద ఒకటి పెడితే కుదరవు. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు లాంటివి అవి. మన ఒంట్లో తుమ్ములు పుట్టించే హిస్టమిన్ వచ్చి కూర్చునే చోట ఈ రెండిట్లో ఒకటే గట్టిగా కూర్చుంటుంది. రెండోదానికి అక్కడ పట్టు చిక్కదు. పట్టు చిక్కే రకాన్ని మాత్రమే విడిగా ఇస్తే అది లెవోసెట్రిజిన్.

అణువుల్లోని ఈ కుడి ఎడమల గుణాన్ని రసాయన శాస్త్రం కైరాలిటీ అంటుంది. చెయ్యి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి లార్డ్ కెల్విన్ దాన్ని తయారుచేశాడు. మనకు అంతకంటే దగ్గరి మాట ఒకటుంది: వాటం. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అంటాం కదా. అణువులకూ వాటం ఉంటుంది. కోరిన వాటం ఉన్న అణువు ఒక్కటే పుట్టేలా రసాయన చర్యను నడిపించడం కష్టమైన విద్య. ఆ విద్యను లోహాలకు నేర్పడానికి శాస్త్రవేత్తలు పెప్టైడ్లను, అంటే కొద్దిపాటి అమైనో ఆమ్లాలు గుచ్చిన పొట్టి గొలుసులను, ఎలా వాడుతున్నారో చెప్పాలని ఈ వ్యాసం.

చింతపండు పులుపు చెప్పిన సంగతి

అణువులకు వాటం ఉంటుందని బయటపెట్టింది టార్టారిక్ ఆమ్లం. మన చింతపండుకు పులుపునిచ్చేది ప్రధానంగా ఇదే. ద్రాక్షసారా పీపాల అడుగున గడ్డకట్టే మడ్డిలో ఉండేదీ ఇదే. 1848లో పాతికేళ్ల లూయీ పాశ్చర్ ఆ ఆమ్లానికి తోబుట్టువు లాంటి రెసిమిక్ ఆమ్లపు లవణాన్ని స్ఫటికాలుగా కట్టించి భూతద్దం కింద చూశాడు. స్ఫటికాలన్నీ ఒకేలా లేవు. కొన్నిటి అంచున చిన్న పలక కుడివైపుకు వాలి ఉంది, కొన్నిటికి ఎడమవైపుకు. చిమటాతో ఒక్కొక్కటీ ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్పను నీళ్లలో కరిగించి ధ్రువిత కాంతిని పంపితే కాంతి తలం ఒక వైపుకు తిరిగింది, రెండో కుప్పతో రెండో వైపుకు తిరిగింది. రెండు కుప్పలనూ సమంగా కలిపితే ఎటూ తిరగలేదు.

ఈ తేడాను మన ముక్కు కూడా పసిగడుతుంది. కార్వోన్ అనే అణువు ఒక వాటంలో ఉంటే స్పియర్‌మింట్ పుదీనా వాసన వస్తుంది. దాని ప్రతిబింబం సోయకూర గింజల వాసన వేస్తుంది. అణువు అదే అయినా వాసన వేరు కావడానికి కారణం మన ముక్కులోని గ్రాహకాలకే ఒక వాటం ఉండడం. అవి ప్రొటీన్లు. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలతో కట్టినవి. ప్రొటీన్లలో మామూలుగా కనిపించే 20 అమైనో ఆమ్లాల్లో గ్లైసిన్ తప్ప మిగిలిన 19కీ వాటం ఉంది. భూమ్మీది జీవులన్నీ తమ ప్రొటీన్లను ఆ 19లోనూ ‘ఎల్’ అని పిలిచే ఎడమ రూపంతోనే కట్టుకుంటాయి. ఇలా ఒకే వాటంతో కట్టిన ఇంట్లోకి మందు అణువు అడుగుపెడుతుంది. దాని కుడి ఎడమలు ఇంటికి పట్టకుండా ఉండవు.

సగం పనికిరాని పంట

మామూలు రసాయన చర్యకు వాటం తెలియదు. వాటం లేని సరుకుతో, వాటం లేని కారకాలతో చర్య జరిపితే కుడి ఎడమలు సరిసమానంగా పుడతాయి. అందులో సగం మనకు అక్కర్లేనిది. దాన్ని వేరుచెయ్యాలి, పారెయ్యాలి, లేదా మళ్లీ మొదటికి తెచ్చి తిప్పాలి. ప్రతి పనికీ ద్రావకాలు, సమయం, డబ్బు కావాలి.

ఇందుకు మంచి ఉదాహరణ ఎల్-డోపా. కంపవాతంతో వణికే చేతులకు ఊరటనిచ్చే మందు ఇది. మెదడులో తగ్గిపోయిన డోపమిన్‌ను తిరిగి అందిస్తుంది. పొలం గట్ల మీది కంచెల్లో పాకే దూలగొండి తీగ తెలియనివాళ్లు తక్కువ. దాని కాయల నూగు తగిలితే ఒళ్లంతా దురద. ఆ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసు పరిశోధకులు దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. దూలగొండి తీగ డోపాను ఎడమ రూపంలోనే తయారుచేస్తుంది, పనికొచ్చేదీ ఆ రూపమే. ఫ్యాక్టరీలో మాత్రం రెండు రూపాలూ కలిసి పుట్టేవి.

ఈ చిక్కును విప్పినవాడు విలియం నోల్స్. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని మాన్‌సాంటో కంపెనీలో రసాయన శాస్త్రవేత్త. రోడియం లోహానికి హైడ్రోజన్ అణువును పట్టుకుని, చీల్చి, వేరే అణువుకు చేర్చే శక్తి ఉంది. ఆ రోడియానికి వాటమున్న ఫాస్ఫరస్ అణువును తగిలిస్తే పుట్టే సరుకుకూ వాటం వస్తుందేమో అని ఆయన ఆలోచన. 1968లో వచ్చిన మొదటి ఫలితం 15 శాతమే. ఫాస్ఫరస్ చుట్టూ ఉన్న కొమ్మలను మార్చుకుంటూ పోయి చివరికి డిపాంప్ అనే అణువుతో 95 శాతానికి చేరాడు. 1970ల్లో ఎల్-డోపా ఆ పద్ధతిలో ఫ్యాక్టరీ స్థాయిలో తయారైంది. 2001లో ర్యోజి నోయొరి, బ్యారీ షార్ప్‌లెస్‌లతో పాటు నోల్స్‌కు నోబెల్ వచ్చింది.

ఇక్కడ చెప్పిన శాతాలను రసాయన శాస్త్రవేత్తలు ‘ఈఈ’ అంటారు. ఒక రూపం రెండో రూపం కంటే ఎంత మిగులు ఉందో అది చెబుతుంది. సగం సగం వస్తే ఈఈ సున్నా. నూటికి 97.5 ఒక రూపం, 2.5 రెండో రూపం వస్తే ఈఈ 95. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీల ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఇది రోజూ నోట్లో నలిగే మాట. రెండు రూపాలనూ విడదీసే కైరల్ కాలమ్ లోంచి నమూనాను పంపిస్తే తెర మీద రెండు గుట్టలు లేస్తాయి. ఒక గుట్ట నిటారుగా పెరిగి, రెండోది గీత మీద చిన్న గడ్డలా మిగిలితే ఆ రోజు పని ఫలించినట్టు.

రెండు కనుమల మధ్య ఎత్తు

నోల్స్ రోడియం లాంటి ఉత్ప్రేరకం, అంటే చర్యను నడిపించి తాను ఖర్చుకాని పదార్థం, ఒక వాటాన్ని ఎలా ఎంచుకుంటుంది? అణువులు సరుకుగా మారాలంటే ఒక కొండ దాటాలి. ఆ కొండకు రెండు కనుమలున్నాయని అనుకుందాం. ఒక కనుమ గుండా పోతే కుడి రూపం, రెండో కనుమ గుండా పోతే ఎడమ రూపం. వాటం లేని ఉత్ప్రేరకంతో రెండు కనుమల ఎత్తూ ఒకటే, కాబట్టి జనం సగం సగం పోతారు.

వాటమున్న ఉత్ప్రేరకం వస్తే ఎత్తులు మారతాయి. కుడికాలు కుడి చెప్పులో పెట్టడం, కుడికాలు ఎడమ చెప్పులో పెట్టడం ఒకదానికొకటి ప్రతిబింబాలు కావు. అవి రెండు వేర్వేరు అనుభవాలు. అలాగే వాటమున్న ఉత్ప్రేరకానికి ఆనుకున్నప్పుడు కుడి దారి సుఖమూ ఎడమ దారి సుఖమూ ఒకటిగా ఉండవు. ఒక కనుమ కాస్త దిగుతుంది.

ఆ ‘కాస్త’ ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర 99 పాళ్లకు 1 పాలు అన్న నిష్పత్తి రావాలంటే రెండు కనుమల మధ్య మోలుకు దాదాపు 2.7 కిలోక్యాలరీల తేడా చాలు. కర్బనానికీ కర్బనానికీ మధ్య బంధం తెంచడానికి 80కి పైగా కావాలి. రెండు నీటి అణువులను కలిపి ఉంచే హైడ్రోజన్ బంధమే 5 దాకా ఉంటుంది. అంటే కుడి ఎడమల తీర్పు మొత్తం ఒక హైడ్రోజన్ బంధంలో సగం మీద ఆధారపడి ఉంది. ఎక్కడో ఒక చిన్న కొమ్మ అడ్డొచ్చినా, ఒక చిన్న చెయ్యి ఆసరా ఇచ్చినా తీర్పు మారిపోతుంది.

లోహానికి బలముంది. బంధాలు తెంచగలదు, ఎలక్ట్రాన్లు ఇచ్చి పుచ్చుకోగలదు, ఒకే పరమాణువు వందల వేల సార్లు అదే పని చెయ్యగలదు. కానీ ఒంటరి లోహపు అయాను గుండ్రటి బంతి లాంటిది. దానికి కుడి ఎడమలు లేవు. వాటం మరెక్కడి నుంచైనా అరువు తెచ్చుకోవాలి.

పట్టుదారం మీద పల్లాడియం

ఆ అరువు ప్రొటీన్ దగ్గరే దొరుకుతుందని చాలా ముందుగా పోల్చుకున్నది జపాన్ వాళ్లు. ధర్మవరంలోనో పోచంపల్లిలోనో పట్టు నేసేవాళ్లకు తెలుసు, పచ్చి పట్టునూలు గరుకుగా ఉంటుంది. సబ్బూ సోడా వేసిన నీళ్లలో ఉడికిస్తే పైనున్న సెరిసిన్ అనే జిగురు కరిగిపోయి మెత్తటి మెరిసే పోగు మిగులుతుంది. ఆ పోగు ఫైబ్రోయిన్ అనే ప్రొటీన్. అందులో చాలా భాగం గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, సెరిన్ అని జపమాలలా తిరిగి తిరిగి వచ్చే గొలుసు.

1956లో ఒసాకా విశ్వవిద్యాలయంలో షిరో అకబోరి బృందం ఆ పోగుకు పల్లాడియం లవణాన్ని పట్టించి, హైడ్రోజన్‌తో దాన్ని లోహంగా మార్చింది. పట్టు మీద పల్లాడియం కూర్చుంది. దాన్ని ఉత్ప్రేరకంగా పెట్టి వాటం లేని అణువుల నుంచి ఫినైల్ అలనిన్, గ్లుటామిక్ ఆమ్లం వంటి అమైనో ఆమ్లాలను తయారుచేశారు. సరుకులో ఒక వాటం మిగులు కనిపించింది. పట్టుపురుగు తన గూటి కోసం వడుకుకున్న దారంలోని ఎడమతనం ప్రాణం లేని లోహం గుండా కొత్త అణువులకు పాకింది! ఈ సంగతి చెప్పిన ఆ చిన్న ‘నేచర్’ పత్రం గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఆ పట్టు నమ్మదగ్గది కాకపోయింది. పట్టు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎలా శుభ్రం చేశారు అన్నదాన్ని బట్టి ఫలితం మారేది. లోహం ఆ పొడుగాటి గొలుసులో ఎక్కడెక్కడ కూర్చుందో, దాని చుట్టూ ఏ కొమ్మలున్నాయో చెప్పడం సాధ్యం కాలేదు. అదే బృందంలోని యోషిహారు ఇజుమి చివరికి పట్టును వదిలి, నికెల్ మీద టార్టారిక్ ఆమ్లాన్ని పట్టించే దారికి మళ్లాడు. మన చింతపండు పులుపే నికెల్‌కు వాటం నేర్పింది. ఆ దారి చాలా దూరం పోయింది. కానీ పట్టు లేవనెత్తిన ప్రశ్న అలాగే ఉండిపోయింది: ప్రొటీన్ గొలుసులో ఏ భాగం లోహాన్ని నడిపిస్తోంది?

ఎంజైముకూ చిన్న లిగాండుకూ మధ్య

ప్రకృతి ఈ పని ఎంజైములతో చేయిస్తుంది. వందల అమైనో ఆమ్లాల గొలుసు ముడుచుకుని, నడుమ ఒక గుంట ఏర్పడుతుంది, కొన్నిటిలో ఆ గుంటలో ఒక లోహపు అయాను ఉంటుంది. ఎంపికలో దీన్ని మించింది లేదు. కానీ అంత పెద్ద గొలుసులో ఏది మారిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం, ఎంజైము తనకు అలవాటైన పనిని దాటి రావడమూ కష్టం. నోల్స్ వాడిన లాంటి చిన్న లిగాండ్లు రెండో కొస. లోహానికి తగులుకునే ఆ చిన్న అణువులు కావలసినట్టు తయారవుతాయి గానీ ప్రతి మార్పుకూ కొత్తగా ఒక సంశ్లేషణ చెయ్యాలి.

పెప్టైడ్ ఈ రెండిటి నడుమ నిలుస్తుంది. మూడు నుంచి పదీ పదిహేను అమైనో ఆమ్లాలు, అంతే. దాన్ని కట్టే పద్ధతిని 1963లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ మెరిఫీల్డ్ సులువు చేశాడు. మొదటి అమైనో ఆమ్లాన్ని ఇసుక రేణువంత ప్లాస్టిక్ గుళికకు అంటిస్తారు. రెండోదాన్ని పోస్తారు, అది మొదటిదానికి అతుక్కుంటుంది, మిగిలిన సరుకును కడిగేస్తారు. గొలుసు గుళికనే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎంత కడిగినా పోదు. మూడోది, నాలుగోది ఇలాగే. పూసల దండ గుచ్చినంత క్రమంగా సాగే ఈ పనిని యంత్రం కూడా చేస్తుంది. ఈ పద్ధతికి 1984లో మెరిఫీల్డ్‌కు నోబెల్ ఇచ్చారు.

ఇక్కడే పెప్టైడ్ అసలు బలం ఉంది. ఒక పూస తీసి ఇంకో పూస గుచ్చితే కొత్త ఉత్ప్రేరకం. 20 పూసలతో మూడు పూసల దండలు 8,000 రకాలు కట్టొచ్చు, అయిదు పూసలవి 32 లక్షలు. తొమ్మిది పూసల దండలు 51,200 కోట్లు. ఒక్కొక్క పూసకూ ఒక గుణముంది. కొన్ని నూనెను ఇష్టపడతాయి, కొన్ని నీటిని. కొన్నిటికి ఆమ్లపు కొస ఉంది, కొన్నిటికి క్షారపు కొస. హిస్టిడిన్, సిస్టీన్ లోహాన్ని వెంటనే పట్టుకుంటాయి.

అయితే పొట్టి గొలుసుకు ఒక జబ్బుంది. తడిసిన నూలుపోగులా అది ఎటు పడితే అటు వంగుతుంది. వంగే గోడకు వాటం నిలవదు. అందుకే రూపకల్పన చేసేవాళ్లు గొలుసుకు బిగువు తెస్తారు. ప్రోలిన్ అనే పూస పెడితే గొలుసు ఆ చోట మెలిక తిరిగి నిలుస్తుంది. వరస సరిగ్గా ఎంచుకుంటే గొలుసంతా స్ప్రింగులా చుట్టుకుని ఆల్ఫా హెలిక్స్ అవుతుంది. లోహాన్నే పిన్నులా గుచ్చి రెండు చోట్లను బిగించడం మరో ఉపాయం.

8,000లో 60

1990ల్లో ఈ రంగం ఊపందుకుంది. నోల్స్ పనిచేసిన సెయింట్ లూయిస్ ఊళ్లోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ గిల్బర్ట్‌సన్ ఫాస్ఫరస్ తగిలించిన అమైనో ఆమ్లాలను తయారుచేసి పెప్టైడ్లలో గుచ్చాడు. నోల్స్ రోడియాన్ని పట్టుకోవడానికి వాడిన చెయ్యినే పెప్టైడ్‌కు మొలిపించాడన్నమాట. బోస్టన్ కాలేజీలో అమీర్ హొవేడా, మార్క్ స్నాపర్ టైటానియంతో మొదలుపెట్టారు. 1996లో వాళ్లు వెలువరించిన పని ఈ విద్యకు ఒక పాఠ్యపుస్తకం లాంటిది.

వాళ్లు ఎంచుకున్నది రెండువైపులా ఒకేలా ఉండే ఎపాక్సైడ్లను, అంటే ఆక్సిజన్‌తో కూడిన మూడు మూలల చిన్న వలయాలను తెరవడం. ఎడమ మూల తెరుచుకుంటే ఒక వాటం, కుడి మూల తెరుచుకుంటే ఇంకో వాటం. లిగాండులో మార్చదగ్గ చోట్లు మూడున్నాయి. ఒక్కో చోటుకు 20 రకాలు ప్రయత్నిద్దామంటే 8,000 చెయ్యాలి. వాళ్లు అలా చెయ్యలేదు. రెండు చోట్లను కదపకుండా మొదటి చోటును మాత్రం మార్చి చూశారు. వాటిలో మంచిదాన్ని ఖాయం చేసి రెండో చోటును మార్చారు. తర్వాత మూడోది. 20 చొప్పున మూడు విడతలంటే 60 ప్రయోగాలు. మన వంటింట్లో చారు రుచి కుదరనప్పుడు ముందు ఉప్పు సరిచూసి, తర్వాత పులుపు, ఆ తర్వాత కారం సరిచూస్తాం కదా, అదే పద్ధతి. ఉప్పు మారితే పులుపు రుచీ మారొచ్చు కాబట్టి అన్నిటికంటే గొప్ప కలయిక తప్పిపోయే ప్రమాదం లేకపోలేదు. అయినా చేతికి అందేంత దగ్గరలో మంచి ఉత్ప్రేరకం దొరికింది.

ఆ వెతుకులాటలో రెండు పాఠాలు దొరికాయి. మొదటిది, ఎపాక్సైడ్ మారితే దానికి నప్పే పెప్టైడూ మారింది. అన్ని తాళాలకూ ఒకే చెవి ఉండాలని పట్టుబట్టకుండా, ఏ తాళానికి ఆ చెవిని తొందరగా చేసుకోగలగడం మేలని పెప్టైడ్లు చూపించాయి. రెండోది, ఇదే కుటుంబపు ఉత్ప్రేరకాలతో సైనైడ్‌ను చేర్చే స్ట్రెకర్ చర్యను లోతుగా పరిశీలించినప్పుడు తెలిసింది. పెప్టైడ్‌లో ఒక కొస టైటానియాన్ని పట్టుకుంటే, ఇంకో చోటున్న అమైడ్ బంధం హైడ్రోజన్ సైనైడ్‌కు ఆసరా ఇచ్చి దాన్ని చర్య జరిగే చోటికి నడిపిస్తోంది. లోహం చుట్టూ అడ్డుగోడ కట్టడంతో పెప్టైడ్ పని అయిపోలేదు. ఎంజైములు చేసేది కూడా ఇదే.

రెండు రోడియాలు, ఒక మెలిక

పట్టు మీద పల్లాడియం ఎక్కడ కూర్చుందో తెలియలేదన్న మాట గుర్తుంది కదా. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో జాకరీ బాల్ బృందం 2009 నుంచి చేసిన పని ఆ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చేది. వాళ్ల ఉత్ప్రేరకంలో లోహం ఎక్కడ కూర్చోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

రెండు రోడియం పరమాణువులు ఒకదానికొకటి అతుక్కుని ఒక ఇరుసు అయ్యాయనుకోండి. ఆ ఇరుసు చుట్టూ నాలుగు కార్బాక్సిలేట్ గుంపులు నాలుగు రెక్కల్లా నిలుస్తాయి. ఇరుసు రెండు కొసలూ ఖాళీగా ఉంటాయి, రసాయన చర్య జరిగేది ఆ కొసల దగ్గరే. ఇక పెప్టైడ్ వైపు చూస్తే, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం అనే రెండు పూసల కొమ్మల చివర సరిగ్గా ఈ కార్బాక్సిలేట్ గుంపే ఉంది. ఆల్ఫా హెలిక్స్‌లో ఒక చుట్టుకు 3.6 పూసలు పడతాయి. అందువల్ల ఒక పూసా, దానికి నాలుగు పూసల అవతల ఉన్న పూసా చుట్టులో ఒకే వైపుకు, ఒకదాని మీద ఒకటిగా వస్తాయి. ఆ రెండు చోట్లా ఆమ్లపు పూసలు పెడితే అవి రెండు వేళ్లలా రోడియం ఇరుసును ఒడిసి పట్టుకుంటాయి. ఒక పెప్టైడ్ రెండు రెక్కల చోటు తీసుకుంటే రెండో పెప్టైడ్ మిగిలిన రెండిటినీ తీసుకుంటుంది. రోడియం పట్టుతో పెప్టైడ్ చుట్టు కూడా బిగుస్తుంది. ఆ బిగిసిన చుట్టు మీది మిగతా పూసల కొమ్మలు ఇరుసు కొస దగ్గరికి వంగి అక్కడి వాతావరణాన్ని తీర్చిదిద్దుతాయి.

ఈ ఉత్ప్రేరకంతో చేసిన చర్యల్లో ఒకటి సైక్లోప్రొపేన్ వలయం కట్టడం. మూడు కర్బనాల ఈ వలయం మనకు కొత్తది కాదు. దోమల కాయిల్స్‌లో, ప్లగ్గుకు పెట్టే దోమల మందుల్లో ఉండే అలెత్రిన్, ట్రాన్స్‌ఫ్లూత్రిన్ వంటి పదార్థాల్లో ఇది ఉంటుంది. అక్కడా వాటం ముఖ్యమే. ఇలాంటి వలయాలను వాటంతో కట్టవచ్చని 1966లోనే జపాన్‌లో నొజాకి, నోయొరి రాగితో చేసి చూపారు. అప్పుడు వచ్చిన ఈఈ పది శాతం లోపే. ఆ చిన్న అంకె వెనక ఉన్న పెద్ద సంగతి గుర్తించి, పట్టు వదలకుండా పనిచేసిన అదే నోయొరి తర్వాత నోబెల్ దాకా వెళ్లాడు.

రోడియం ఈ పని ఎలా చేస్తుందంటే, డయాజో సమ్మేళనం ఇరుసు కొసకు తగలగానే అందులోని నైట్రోజన్ వాయువై బుడగలుగా పోతుంది. మిగిలిన కర్బనం రెండు బంధాలకు ఆకలిగొని లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని కార్బీన్ అంటారు. పక్కకు వచ్చిన జంటబంధం మీద అది వాలి వలయం కడుతుంది. ఆ జంటబంధం ఏ వైపు నుంచి రావాలో పెప్టైడ్ కొమ్మలు తేలుస్తాయి.

2012లో బాల్ బృందం ఈ వెతుకులాటను మెరిఫీల్డ్ గుళికల మీదికే తెచ్చింది. పెప్టైడ్లను గుళికల నుంచి విడదీయకుండా, అక్కడే రోడియం తగిలించి, అక్కడే చర్య జరిపి, సరుకులో ఏ వాటం ఎంతుందో కొలిచారు. విడదీసి, శుద్ధిచేసే శ్రమ తప్పింది కాబట్టి ఎన్నో వరసలను తొందరగా పరీక్షించగలిగారు.

ఆ పనిలో ఒక పాత చిక్కుకు పరిష్కారం దొరికింది. నోల్స్ లాంటి వాళ్లు రెండో వాటం కావాలంటే లిగాండ్ ప్రతిబింబాన్ని తయారుచేసుకుంటే సరిపోతుంది. జీవులు ప్రొటీన్లు కట్టడానికి వాడేవి ఎల్ అమైనో ఆమ్లాలే కాబట్టి ప్రొటీన్లకు ఆ వీలు లేదు. ‘డి’ అని పిలిచే కుడి రూపాలతో పెప్టైడ్ కట్టొచ్చు గానీ ఖర్చు పెరుగుతుంది. బాల్ బృందం ఎల్ పూసలతోనే వరస మార్చి చూసింది. ఒక వరస కుడి రూపాన్ని ఎక్కువగా ఇస్తే, మరో వరస ఎడమ రూపాన్ని ఎక్కువగా ఇచ్చింది. పూసలన్నీ ఎడమ వాటానివే, అయినా వాటిని గుచ్చిన తీరును బట్టి లోహం చేతిని మార్చుకుంది. వాటం పూసలో ఎంత ఉందో, దండ గుచ్చిన తీరులోనూ అంతే ఉందన్నమాట. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో విలువైన ఎరుక ఇదే.

పెప్టైడ్ లోహానికి వాటంతో పాటు దారి కూడా చూపగలదు. ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టి అతుక్కునే పెప్టైడ్‌కు రోడియం తగిలిస్తే, ఆ ప్రొటీన్ మీద తాము ఎంచుకున్న చోటే రసాయన మార్పు చేయించవచ్చని ఇదే బృందం చూపించింది.

తెగాల్సిన ముడులు

ఇంత చెప్పాక అడ్డంకులూ చెప్పాలి. రోడియం భూమిలో చాలా అరుదు. ప్లాటినం గనుల్లో, అదీ ఎక్కువగా దక్షిణాఫ్రికాలో, ఉప ఉత్పత్తిగా దొరుకుతుంది. కార్ల పొగను శుద్ధిచేసే పరికరాల నుంచి కూడా దానికి గిరాకీ ఉంది. కాబట్టి ఒక్కో రోడియం పరమాణువు చేత వీలైనన్ని ఎక్కువసార్లు పనిచేయించాలి, లేదా రాగి, ఇనుము వంటి చవక లోహాలకు ఈ విద్య నేర్పాలి. ఫ్యాక్టరీ సరుకుకు వాడాలంటే పెప్టైడ్ కూడా కిలోల్లో కావాలి, ప్రతి పూసకూ ఖర్చుంది.

లోహాన్ని పట్టుకోవడానికి మనం పెట్టిన చేతులే కాక, గొలుసులోని వేరే కొమ్మలూ దాన్ని లాగుతాయి. గంధకమున్న సిస్టీన్, మెథియోనిన్, నత్రజని వలయమున్న హిస్టిడిన్ ఇరుసు కొసలోని ఖాళీ చోటును ఆక్రమిస్తే చర్య నిలిచిపోతుంది. కొన్ని పెప్టైడ్లకు నీళ్లు కావాలి, కొన్ని చర్యలకు నీళ్లు పడవు.

అన్నిటికంటే గట్టి ముడి ఊహించడం దగ్గరుంది. 2.7 కిలోక్యాలరీల తేడాను కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టడం కష్టం, ఎందుకంటే లెక్కలో వచ్చే పొరపాటే దాదాపు అంత ఉండొచ్చు. అందుకే ఇప్పటికీ మొదటి ఊహ కాగితం మీద, మిగతా తీర్పు గుళికల మీద జరుగుతోంది. దీన్ని నేను లోపంగా చూడను. ఎక్కడ మెలిక తిరగాలో, ఎక్కడ లోహం కూర్చోవాలో నిర్మాణ జ్ఞానం చెబుతుంది. దాని చుట్టూ ఏ కొమ్మలు నప్పుతాయో వెతుకులాట చెబుతుంది. ప్రకృతి ఎంజైములను తీర్చుకున్నదీ చిన్న చిన్న మార్పులు చేసి, నప్పినదాన్ని నిలుపుకునే. ఆ పనికి దానికి కోట్ల ఏళ్లు దొరికాయి. మనకు ఒక పళ్లెంలో వరసగా అమర్చిన గుళికలున్నాయి.

ఒసాకాలో ఆ పట్టుపోగు పట్టుకున్న రోజున శాస్త్రవేత్తల చేతిలో ఉన్నది పురుగు వడికిచ్చిన దారం. అందులో వాటం ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. కాబట్టి దాన్ని సరిదిద్దడమూ తెలియలేదు. ఇవాళ హెలిక్స్ మీద రెండు ఆమ్లపు పూసలు, వాటి మధ్య చిక్కిన రోడియం, పక్కన మార్చి చూసిన ఇంకో పూస అన్నీ ఒక్కొక్కటిగా రాసిపెట్టినవే. ఫలితం తప్పితే ఏ పూస దగ్గర తప్పిందో వెనక్కి వెళ్లి వెతకొచ్చు, తీసి ఇంకోటి గుచ్చొచ్చు. లోహానికి వాటం నేర్పడం అప్పుడు ఆ దారం దయ. ఇప్పుడు మనం గుచ్చే దండ పని.